మా నాన్న కట్టిన క్వార్టరు

మా ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు. తలెత్తి గోడ పైభాగం చూశాడు. తల దించి కిందిభాగం చూశాడు. "ఇది రైల్వే క్వార్టర్ గదా?" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. తప్పంతా మా నాన్నది.

మా నాన్న బిలాస్‌పూర్‌లో రైల్వే పెయింటరు. శ్రీకాకుళం వైపు నుంచి మీసం సరిగ్గా రాకముందే వచ్చి, ఆ మీసం నెరిసేదాకా రైల్వేకి రంగులు పూశాడు. క్వార్టర్లోనే కాపురం పెట్టాడు. క్వార్టర్లోనే నన్ను కన్నారు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు నన్ను తరిమి తరిమి కొట్టింది కూడా క్వార్టరు చుట్టూనే. రిటైరయ్యాక గతౌరా వైపు, పట్టాలకి కాస్త ఎడంగా, జాగా కొన్నాడు. మేస్త్రీ వచ్చి ప్లాను ఏదని అడిగితే, అతన్ని సైకిలు వెనక ఎక్కించుకుని మా పాత క్వార్టరు ముందు దించి, "ఇదే" అన్నాడట. ఇంటికి ఇంకో ఆకారం ఉంటుందని ఆయనకి తెలియదు. ముందు వరండా, దాని వెనక ఒకటీ, ఆ ఒకటి వెనక ఇంకొకటీ గదులు, ఆ తర్వాత వంటిల్లు, పెరడు. గోడలకి పసుపు, కింద మూడడుగులు ఇటుక రంగు, తలుపులకి ముదురాకుపచ్చ.

అక్కడితో ఆగినా బాగుండేది. నంబరు లేని ఇంట్లో నిద్ర పట్టడం లేదని, రేకు అచ్చు కత్తిరించి, గుమ్మం పక్కన నల్లరంగుతో మా పాత క్వార్టరు నంబరు పద్నాలుగు అని కొట్టాడు. అప్పటికి ఆ వీధిలో మాది తప్ప ఇల్లు లేదు. మిగతా పదమూడు ఎక్కడ నాన్నా అంటే, "వొస్తాయిలే" అన్నాడు. నీళ్ళ ట్యాంకు మీద కడిగిన తేదీ, దాని కింద మళ్ళీ కడగాల్సిన తేదీ రాసేవాడు. తలుపులకి రంగేస్తే తలుపు వెనక తేదీ. మా అమ్మ ఒకసారి వీపు తిప్పి నిలబడి, "నా మీద కూడా రాసీయి, మళ్ళీ ఎప్పుడు పలకరిస్తావో" అంది. ఆయన నిజంగానే కుంచె కోసం చూశాడు.

ఇద్దరూ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు మాత్రం డ్యూటీలోనే ఉంది.

దాన్ని అమ్మాలని పట్టుబట్టింది మా ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ వరండాలో ఇడ్లీ వేస్తోంది. పొద్దున్నే రైల్వే షెడ్డుకి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి తిని పోతారు. నలుగురు వరండాలో నిలబడితే ఐదోవాడు ప్లేటు పట్టుకుని వానలో నిలబడాలి. అలా ఉండగా వ్యాపార్ విహార్‌లో ఒక దుకాణం ఖాళీ అవుతోందని తెలిసింది. కింద దుకాణం, పైన రెండు గదులు. ఎదురుగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, రోజంతా లారీలు, హమాలీలు, ఆకలి. దాని యజమాని బియ్యం వ్యాపారి. కొడుకుల దగ్గర ఉండడానికి బిల్హా వెళ్ళిపోతున్నాడు. మా ఆవిడ ఒక క్యారియరు నిండా ఇడ్లీ, అల్లం చట్నీ పట్టుకెళ్ళింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "దీపావళి దాకా నీ కోసం ఆపుతాను బేటీ. ఆ తర్వాత మొబైల్ షాపువాడికి ఇచ్చేస్తాను" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నా ఆటోలో కూర్చుని ఆమె వేళ్ళు మడుస్తోంది. ఏటే అంటే, "గ్రైండరు ఈ మూల, కౌంటరు ఆ మూల. ఆరు బల్లలు పడతాయి" అంది. ఇల్లు అమ్ముడైతే ఆరు బల్లలు. అమ్ముడవకపోతే ఇదే వరండా, ఇదే వాన. దీపావళికి రెండు నెలలుంది.

ఇల్లు సిద్ధం చెయ్యడం మొదలైంది. ముందు మేకులు. క్వార్టర్లో పెరిగినవాళ్ళకి బీరువా మీద నమ్మకం ఉండదు, మేకు మీదే. ఒక్క నడిమి గదిలోనే నలభై దాకా పీకాను. గోడ చూస్తే మశూచి తగ్గిన మొహంలా ఉంది. సిమెంటు పెట్టి నున్నగా చేశాను. పెరటి వైపు గోడకి కింద చెమ్మ ఉంది. ఎంత గీకినా మళ్ళీ వస్తోంది. అందరూ చేసేదే నేనూ చేశాను, క్యాలెండరు తగిలించాను. చెమ్మ మోకాలెత్తులో ఉంది కాబట్టి క్యాలెండరూ మోకాలెత్తులోనే తగిలించాల్సి వచ్చింది.

మా ఆవిడ వచ్చి చూసింది. "దేవుడు మోకాళ్ళకాడ ఏటి?"

"పిల్లలకి అందాలని."

"పిల్లలు తేదీ సూస్తారేటి? తియ్యి ముందు."

తీశాను. బదులుగా అక్కడ బియ్యం డబ్బా పెట్టాను. అప్పటినుంచి వచ్చిన ప్రతివాడూ ముందు ఆ డబ్బానే జరిపి చూశాడు.

మా అమ్మాయి ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఫొటోలు తీసింది. దానికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అలిగినప్పుడు తెలుగు కూడా పోయి హిందీ ఒక్కటే మిగులుతుంది. మంచం మీద ఎక్కి, మూలకి నక్కి, గది మూలనుంచి తీసింది. ఆ ఫొటోలో మా నడిమి గది కల్యాణ మండపంలా ఉంది. "బాగుందిరా, నన్నూ ఇలాగే తియ్యి, కాస్త పొడుగవుతాను" అన్నాను. "నాన్నా, ప్లీజ్, ఎవరైనా చూడ్డానికి వస్తే ఆప్ కుచ్ మత్ బోలియే" అంది. ఏం మాట్లాడొద్దట. ఆ మాట ఆ పూటే విని ఉండాల్సింది.

ఎందుకంటే ఆ మర్నాడే వచ్చాడు ఆ మొదటి మనిషి. తెలంగాణ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు. మర్యాదస్థుడు. ఆయన "ఇది రైల్వే క్వార్టర్ గదా?" అనగానే, ముప్ఫై ఏళ్ళుగా స్టేషను బయట ఆటో నడుపుతూ ప్రతి ప్రశ్నకీ ఒక జోకు అప్పగించడం అలవాటైన ఈ నోరు ఊరుకోలేదు.

"అవును సార్. మా నాన్న రిటైరైన రోజు భుజాన వేసుకుని తెచ్చేశాడు. రైల్వేవాళ్ళు ఇంకా లెక్క చూసుకోలేదు."

ఆయన నవ్వాడు. ఇల్లంతా చూశాడు. అప్పుడే వెనక పట్టాల మీద బొగ్గు గూడ్సు వెళ్ళింది. గిన్నెలు గణగణలాడాయి. ప్యాసింజర్ల టైములు నాకు కంఠతా వచ్చు, చూసే వేళలు వాటి మధ్యలోనే పెట్టాను. బొగ్గు గూడ్సుకి మాత్రం టైమంటూ ఉండదు. ఆయన గోడ పట్టుకున్నాడు. "భూకంపం కాదు సార్, బొగ్గు" అన్నాను. దానికీ నవ్వాడు. ఇడ్లీ తిన్నాడు. "మంచిగుంది, ఫోన్ చేస్త" అని వెళ్ళాడు. ఫోను ఇంకా రాలేదు.

జోకు బాగా పేలిందని నాకు గట్టి నమ్మకం. ఆ సాయంత్రం ఆటోస్టాండులో చెప్పాను. మర్నాడు టీకొట్టు దగ్గర కొంచెం పెంచి చెప్పాను: మా నాన్న క్వార్టరుతో పాటు రెండు బోగీలు కూడా తెచ్చాడనీ, అమ్మ వద్దంటే వాటిని తిరిగిచ్చేశాడనీ. అందరూ పొట్ట పట్టుకున్నారు. నేను పొంగిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలు వచ్చినవాళ్ళెవరూ ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు కాదు. ఒక కుటుంబం మూడుసార్లు వచ్చింది; మొదటిసారి నలుగురు, రెండోసారి ఏడుగురు, మూడోసారి అత్తగారితో సహా. మూడుసార్లూ వంటింటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. మూడోసారి మా ఆవిడ అత్తగారి ప్లేటులో రెండు ఇడ్లీలు వేస్తూ, "ఇల్లు నచ్చిందా అమ్మా?" అని హిందీలో అడిగితే, ఆవిడ "చట్నీ మేఁ థోడా నమక్ కమ్ హై" అంది. ఉప్పు తక్కువట! ఇంటి గురించి అంతే.

తర్వాత అదీ ఆగిపోయింది. కొనేవాళ్ళని వెతికిపెట్టే మా దలాల్ భాయ్ రోజూ స్కూటరు మీద వచ్చి వెళ్ళేవాడు, రావడం మానేశాడు. ఎందుకో నాకు నా ఆటోలోనే తెలిసింది.

ఒక పెద్దమనిషి స్టేషను దగ్గర ఎక్కాడు. దారిలో మాటల మధ్య, గతౌరా వైపు ఇళ్ళ ధరలు ఎలా ఉన్నాయంటారు అని కదిపాను. ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించి హిందీలో అన్నాడు: "అటువైపు జాగ్రత్త భైయా. అక్కడ ఒక ఆంధ్రావాడు రైల్వే క్వార్టరు అమ్మేస్తున్నాడు. తండ్రి ఖాళీ చెయ్యలేదట. కేసు నడుస్తోంది. రెండు బోగీల సామాను కూడా మాయమైందట."

ఆటో దానంతటదే నెమ్మదించింది. "ఆ ఆంధ్రావాడు ఎలా ఉంటాడు సాబ్?"

"పెద్ద గూండా. ఆరడుగులుంటాడు."

నేను ఐదడుగుల మూడంగుళాలు. ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది. తర్వాత మా ఆవిడ మడిచిన వేళ్ళు గుర్తొచ్చాయి.

ఇంటికొచ్చి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో ఉన్న గరిటె కింద పెట్టి, "దీపావళికి నెల కూడా లేదు మావా" అంది. అంతే. ఆ పూట నా ప్లేటులో ఇడ్లీ ఉంది, చట్నీ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు దలాల్ భాయ్‌ని పట్టుకున్నాను. "కాగితాలన్నీ ఉన్నాయి కదా, అది జోకని అందరికీ చెప్పు" అన్నాను. అతను హెల్మెట్ తీసి నా మొహం కేసి చూసి, "భైయా, జోకు నువ్వు చెప్పావు కాబట్టి జోకని చెబితే అది కూడా జోకనుకుంటున్నారు. ఇంటి రంగు మార్చండి. ఆ పసుపు, ఆ నంబరు చూస్తే నాకే అనుమానమొస్తోంది" అన్నాడు.

రంగు మార్చాం. రంగు ఎంచింది మా అమ్మాయి. ఫోనులో చూపించినప్పుడు అది లేత ఊదా. పేరు కూడా నాజూగ్గా ఏదో చెప్పింది. గోడ మీదికొచ్చేసరికి వంకాయ. తెల్లారి ఇడ్లీకి వచ్చినవాళ్ళు ఇల్లు దాటి వెళ్ళిపోయి, వాసన పట్టుకుని వెనక్కి వచ్చారు. గుమ్మం పక్కన పద్నాలుగుని గీకడానికి నాకు అరపూట పట్టింది. మా నాన్న రంగు అంత తేలిగ్గా వదలదు. కింద ఒక పొర, దాని కింద ఇంకో పొర, ఒక్కో పొరలోనూ పద్నాలుగే.

దీపావళి ఇంకో పన్నెండు రోజులుందనగా ఒక జంట వచ్చింది. ఆయనది పట్టాల వెంట నడుస్తూ బోల్టులు చూసుకునే ఉద్యోగం. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. సన్నగా, ఎండకి కమిలి, ఇనపకడ్డీలా ఉన్నాడు. ఆవిడ ఆయనకి రెండింతలు. ఇద్దరిదీ మా అమ్మావాళ్ళ వైపే. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే క్వార్టర్లో ఉన్నారు, ఇప్పుడు ఖాళీ చెయ్యాలి.

ఆవిడ వీధిలోనే నిలబడి మా ఇంటిని చూసి, మొగుడి మీద విరుచుకుపడింది. "పసుపు ఇల్లన్నావు? ఇది వంకాయ."

"ఆడెవుడో పసుపనే సెప్పినాడే."

"నిన్నటిదాకా పసుపే వొదినా" అంది మా ఆవిడ. "అమ్ముడవట్లేదని మార్చినాం."

"అమ్ముడవట్లేదని పసుపు తీసీసినారా? ఓలమ్మ, అదేటి తెలివి!" అంటూనే లోపలికి నడిచింది. "తొమ్మిది ఇళ్ళు సూసినాం సెల్లీ. ఒకటి మూడో అంతస్తు. ఒకదాన్లో వంటిల్లు వొచ్చి హాల్లో ఉంది. పోపేస్తే సోఫా తుమ్ముద్ది."

రెండో గదిలో చీకటిగా ఉంది. నేను లైటు వేద్దామని వెళ్ళేలోపే ఆవిడ చూడకుండానే ఎడమ చెయ్యి చాచి, తలుపు పక్క స్విచ్చి నొక్కింది. ఆగిపోయింది. తన చెయ్యి కేసి తనే చూసుకుంది. తర్వాత ఎవర్నీ అడగలేదు. చకచకా వంటింట్లోకి, అక్కణ్ణించి పెరట్లోకి, తూము దగ్గరికి, తన ఇంట్లో తిరిగినట్టే తిరిగింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఆయన వరండాలో కూర్చుని, ప్లేటు పక్కన పెట్టి అన్నాడు: "తమ్ముడూ, ఇల్లు బాగుంది. దాస్తే ఏటి లాభం, దానికి నచ్చీసింది. గానీ నానూ ఓ మాట యిన్నాను. రైల్వేది రైల్వేకి తెలీకుండా కొన్నానని ఎవుడైనా అర్జీ పెట్టినాడనుకో, నా రిటైర్మెంటు డబ్బులు ఆగిపోతాయి. ముప్ఫై నాలుగేళ్ళు ఎండలో నడిచినాను."

"ఆ మాట పుట్టించింది నేనే అన్నయ్యా. జోకు."

"ఇది జోకా, అది జోకా?"

"అది జోకు. ఇది నిజం."

"అదీ నిజంలాగే సెప్పినావంట కదా?"

లోపలికి పరుగెత్తి కాగితాలు తెచ్చి ఆయన ముందు పరిచాను. జాగా కాగితం, రిజిస్ట్రీ, పన్ను రసీదులు. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి వెలుతుర్లో పెట్టి చూసి, "కాగితాలు ఎవుడైనా సేయిస్తాడు బావూ" అని లేచాడు. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ ఆరు బల్లలూ ఒక్కొక్కటే లోపలికి మడుచుకుంటున్నట్టు ఆమె వేళ్ళు మడుచుకుంటున్నాయి.

"ఓయ్!" వంటింట్లోంచి కేక. "ఇలగ రా ఓపాలి!"

అందరం వెళ్ళాం. ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. ఎదురుగా చిన్న కిటికీ. బయటినుంచి గాలొచ్చి ఆవిడ నుదుటి మీద వెంట్రుకలు కదులుతున్నాయి.

"ఇదేటి?" అంది మొగుణ్ణి.

"కిటికీ."

"మన ఇంట్లో పొయ్యి ముందర ఏటుంది?"

ఆయన ఆలోచించాడు. "గోడ."

"గోడ! ముప్ఫై నాలుగేళ్ళు ఆ గోడకి నా మొహం సూపించినాను. కిటికీ ఎక్కడుంటాది? ఎనకాల. గాలి ఎవుడికి? నా వీపుకి. నువ్వు నాలుగు క్వార్టర్లు సూసినావు, ఎక్కడైనా పొయ్యి ముందర కిటికీ సూసినావా? రైల్వే వొంట సేసేదాని మొహానికి గాలి తగిలేలాగ కడతాదేటి? ఇది రైల్వేది కాదు. ఇది ఎవుడో మొగోడు పెళ్ళాం కోసం కట్టించుకున్నాడు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చెక్క మీద వేలితో కొట్టి చూశాడు. గురి పెట్టి కొలిచినట్టు ఒక కన్ను మూసి చూశాడు. "నిజమే" అన్నాడు మెల్లగా.

నేను ఆ కిటికీని ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నాను. దాని గురించి ఒక్కనాడూ అనుకోలేదు. మేస్త్రీ చేత ఇటుకా ఇటుకా అచ్చు దింపించిన మా నాన్న, ఒక్కచోట మాత్రం ప్లాను తప్పాడు. "నీకు తెలుసా?" అన్నాను మా ఆవిడతో. "అత్త సెప్పింది. పెళ్ళయిన కొత్తలోనే" అంది. "మరి నాకెప్పుడూ చెప్పలేదే?" "నువ్వు ఎవురినైనా సెప్పనిస్తేనే కదా!"

పెళ్ళాం మాట నమ్మినా, ఆయన తెలివైనవాడు. మర్నాడు నన్ను తీసుకుని రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్ళి, కాగితాల మీద ఉన్నదీ అక్కడి పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. నేను బల్ల చివర నోరు మూసుకుని నిలబడ్డాను. గుమాస్తా నన్ను చూసి, "మీరు ఆ ఆంధ్రావాడి తమ్ముడా? ఆయన చాలా పొడుగట కదా?" అన్నాడు. నాలుక చివరికి ఎన్నొచ్చాయో! అన్నీ మింగి, "అవునండీ" అన్నాను.

బేరం ఒక పూటలో తెగింది, పీఎఫ్‌లోంచి ముందే తీసి ఉంచిన డబ్బు మా చేతిలో పెట్టారు. ఆవిడది ఒకటే షరతు: పసుపు. కూలివాణ్ణి పెట్టొద్దు, తీసిన చెయ్యే వెయ్యాలి అంది. మూడు రోజులు ఆటో పక్కన పెట్టి నేనే వేశాను. కింద ఇటుక రంగు, తలుపులకి ముదురాకుపచ్చ. పద్నాలుగు మళ్ళీ వెయ్యమంటారా అంటే, "మాకెందుకు మీ నంబరు? మాది మాకుంది" అంది. వాళ్ళ క్వార్టరు అంకెలు గుమ్మం పక్కన ఆయనే వేసుకున్నాడు. చెయ్యి తిరిగిన పని కాదు, అంకెలు కాస్త వంకరగా వచ్చాయి. మా నాన్న చూస్తే గీకించి మళ్ళీ వేయించేవాడు.

దీపావళికి నాలుగు రోజుల ముందు బియ్యం సేఠ్‌కి ఫోను చేశాం. నేను మాట్లాడబోతే మా ఆవిడ ఫోను లాక్కుంది. "సేఠ్‌జీ, దుకాన్ మేరీ హై" అంది. దుకాణం నాదే అని. అవతల ఆయన ఏదో అన్నాడు. ఈమె నవ్వలేదు, ఏడవలేదు. "నల్లాలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయి?" అని అడిగింది.

మర్నాడు పొద్దున వరండాలో ఆఖరి ఇడ్లీ. డ్యూటీవాళ్ళు ఎప్పట్లాగే సైకిళ్ళు ఆపారు. రేపటినుంచి వ్యాపార్ విహార్‌కి రమ్మని చెప్పింది. వాళ్ళంతా ఒక్కసారి గోల పెట్టారు. అంత దూరం ఎవరొస్తారు, డ్యూటీకి ఆలస్యమైతే షెడ్డులో ఎవరు మాటపడతారు, పద్దెనిమిదేళ్ళ నమ్మకం ఏమైపోవాలి అని. ఒక పెద్దాయన అయితే ప్లేటు కూడా వెనక్కి ఇవ్వనన్నాడు.

మా ఆవిడ చట్నీ గిన్నె పక్కన పెట్టి, నా కేసి చూపించింది. "ఈయన ఖాళీగానే ఉన్నాడు. ఆరింటికి ఇక్కడ ఎక్కించుకుని, దుకాణంకాడ ఇడ్లీ తినిపించి, ఏడింటికి మీ షెడ్డు గేటుకాడ దింపీస్తాడు."

"భాడా?" అన్నారు వాళ్ళు, ఆటో కిరాయి ఎంతని.

"భాడా అడిగినాడంటే నాకు సెప్పండి."

ఆ రోజునుంచి పొద్దున్నే ఆరింటికి నా ఆటోలో ఏడుగురు. ఎక్కించాల్సింది ముగ్గుర్నేనని దాని మీద రాసి ఉంటుంది.